కాటన్ దొర: సైనికుడు, నిర్మాత, గృహస్థు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



గోదావరి డెల్టాలో ఏ కాలువ గట్టు వెంట పోయినను, లాకుల చెంతనో, ఊరి మొగనో ఒక దొర విగ్రహము మనకు కనుపించుచుండును. పిల్లవాడు చూపి అడుగును. “కాటన్ దొర, ఆనకట్ట కట్టించినాడు” అని తండ్రి చెప్పును. అంతటితో ఆ సంభాషణ ముగియును. ఆనకట్ట మాట అందరును ఎరిగినదే. ఆనకట్టకు ముందు ఆయన ఏమి చేసెను, ఎవరి యొద్ద ఏమి నేర్చుకొనెను, ఎక్కడ నెగ్గెను, ఎక్కడ తప్పెను, ఇంట ఎట్టివాడు అను సంగతులు చెప్పువారు తక్కువ. మేము నేడు వానినే చెప్పదలచితిమి.

ముందుగా ఒక మాట. ఆయన పరాయి ప్రభుత్వపు ఉద్యోగి. ఈస్టిండియా కంపెనీ వారు గోదావరికి ధనమిచ్చుటకు రైతుపై గల దయ ఒక్కటియే కారణము కాదు. నీరు వచ్చినచో శిస్తు పెరుగునను లెక్క వారికి నచ్చినది. కాటన్ సయితము తన నివేదికలలో ఆ లెక్కనే ముందు పెట్టెను. పెట్టకున్న వారు వినరని ఆయన ఎరుగును. ఈ సంగతి మరువకుండగనే ఆయన పనిని తూచవలెను. తూచి చూచినను త్రాసు ఆయన వైపే మొగ్గునని మా అభిప్రాయము.

ఆర్థర్ థామస్ కాటన్ 1803వ సంవత్సరము మే నెల 15వ తేదీన జన్మించెను. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. ఆ ఇంట పదునొకండుగురు కుమారులు. వారిలో ఈయన పదవవాడు. అంతమంది బిడ్డలున్న ఇంట చిన్నవారు ఆస్తిని నమ్ముకొని కూర్చుండుటకు వీలులేదు. ఏదో ఒక కొలువు వెదకికొనవలసినదే. ఆయన పదునైదవ యేట కంపెనీ వారి సైనిక విద్యాలయమున చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళములో ఉద్యోగము పొందెను. వేల్సు దేశములో కొంతకాలము సర్వే పని చేసి, 1821లో మద్రాసు చేరెను. అప్పటికి ఆయనకు పదునెనిమిదేండ్లు. రామేశ్వరము దగ్గర పాంబను జలసంధిని కొలుచు పని ఆయన తొలి పనులలో ఒకటి. నీటి లోతు కొలుచుటతో ఆరంభమైన ఆ ఉద్యోగము జీవితమంతయు నీటితోనే ముడిపడి పోయినది.

నడుమ యుద్ధము వచ్చెను. 1824 మొదలు 1826 వరకు బర్మా దేశముతో కంపెనీ వారు చేసిన మొదటి యుద్ధములో మద్రాసు సేనలు చాలా ఉండెను. టేకు దూలములతోను, వెదుళ్ళతోను కట్టిన కొయ్యకోటలను నమ్ముకొని బర్మీయులు పోరాడిరి. అట్టి కోటల మీద పడునపుడు ఇంజనీరు వెనుక నిలుచువాడు కాడు. దారి చేయువాడు గనుక ముందు నడువవలెను. కాటన్ ఏడు కోటల మీదికి దాడి దళములను నడిపెనని ఆయన సైనిక చరిత్రలో వ్రాయబడియున్నది. ఆ యుద్ధములో తుపాకికి పడిన వారికంటె జ్వరములకు, విరేచనములకు పడినవారే అధికులు. వానకాలములో చెడు నీరు, చెడు తిండి ఒక సేనను ఎట్లు మింగునో ఇరువది యొకటేండ్ల ప్రాయములో ఆయన కన్నులార చూచెను.

యుద్ధము ముగిసి వచ్చిన ఆ యువకునికి 1828 ప్రాంతమున కావేరి నీటిపారుదల పని అప్పగింపబడెను. అక్కడ ఆయనకు ఎదురైనది శత్రుసేన కాదు, ఒక నింద. తరువాత చాలా ఏండ్లకు ఆయనయే తన గ్రంథములో దానిని వ్రాసికొనెను. తంజావూరు సీమ ప్రజలు ఇంగ్లీషు వారిని గురించి చెప్పుకొను మాటల సారాంశమేమనగా: వీరు యుద్ధము చేయుటలో మహా నేర్పరులు, కాని మన పూర్వులు కట్టిన చెరువులను, కాలువలను మరమ్మతు చేయుట కూడ వీరికి చేతకాదు. ఆ మాట న్యాయమైనదేనని కాటన్ ఒప్పుకొనెను. పదవిలో నున్నవాడు తన ప్రభుత్వమును గూర్చిన నిందను ఒప్పుకొని అచ్చు వేయించుట ఆ దినములలో చిన్న సంగతి కాదు. ఆయన జీవితమునకు తాళపుచెవి ఇదియేనని మాకు తోచును.

కావేరి వ్యాధి యేమనగా, శ్రీరంగమునకు ఎగువ ఆ నది రెండు పాయలుగ చీలును. ఉత్తరపు పాయ కొళ్ళిడము. అది పల్లముగ, తిన్నగ సముద్రమునకు పోవును. దక్షిణపు పాయ తంజావూరు పొలములకు నీరిచ్చు కావేరి. ఏటేట కావేరి మొగ ఇసుకతో మేట వేసి, నీరు కొళ్ళిడములోనికి జారిపోవుచుండెను. పొలములు ఎండుచుండెను. దీనికి మందు కొళ్ళిడమునకు అడ్డముగ కట్ట వేయుటయే. కాని నది అడుగున రాయి లేదు, బంకమన్ను లేదు. ఎంత త్రవ్వినను ఇసుకయే. పునాది ఎక్కడ వేయుట?

జవాబు ఆ సీమలోనే ఉండెను. చోళరాజు కరికాలుడు కట్టించెనని చెప్పబడు కల్లణై అను ప్రాచీనపు ఆనకట్ట ఇసుకమీదనే పదునెనిమిది వందల యేండ్లుగ నిలిచియున్నది. తొలుత వచ్చిన దొరలు దానిని మట్టిదిబ్బ యని తేలికగ చూచిరి. కాటన్ దానిని పరిశీలించి, పెద్ద బండలను ఇసుకలోనికి దిగనిచ్చి, అవి ఇక దిగని స్థితికి వచ్చిన పిదప వానిపై కట్టడము లేపిన కిటుకును గ్రహించెను. దేశీయుల ఒరల బావుల పద్ధతి కూడ ఆయనకు తోడ్పడెను. మన ఊళ్ళలో ఇసుకనేలలో నుయ్యి త్రవ్వునపుడు ఒరపై ఒర దింపుదుము గదా. అట్లే ఇటుక ఒరలను వరుసగ నది ఇసుకలో దింపి, లోపల నింపి, వానిపై గోడ లేపుట. ఈ బుద్ధితో 1836 నాటికి కొళ్ళిడముపై ఎగువ, దిగువ ఆనకట్టలు రెండును పూర్తియయ్యెను. అడుగులేని ఇసుకలో పునాది నిలుపు విద్య మేము ఈ దేశస్థుల యొద్దనే నేర్చితిమని ఆయన వృద్ధాప్యములో సయితము వ్రాసెను. బడిలో నేర్చినవాడు బడిలేనివాని యొద్ద నేర్చుకొని, నేర్చుకొంటినని చెప్పుట ఈ కాలములోను అరుదే.

ఆ నడుమనే మద్రాసు దగ్గర ఎర్రకొండల నుండి రాయి తెచ్చుటకు ఇనుప పట్టాల బండిదారి నొకటి ఆయన వేయించెను. 1837 నాటిదైన ఆ దారి మన దేశపు మొదటి రైలుదారులలో ఒకటి. ఆయనయే తరువాత రైళ్ళకు బద్ధవిరోధి యగుట విచిత్రము. ఆ కథ తరువాత వచ్చును.

ఆరోగ్యము ఆయనకు ఎన్నడును తోడురాలేదు. పలుమార్లు సెలవు తీసికొని చల్లని దేశములకు పోవలసి వచ్చెను. అట్లు ఆస్ట్రేలియా ఖండపు దక్షిణమున నున్న టాస్మేనియా ద్వీపమునకు పోయినపుడు లెర్మంత్ అను కుటుంబముతో పరిచయమేర్పడెను. 1841లో ఆ ఇంటి ఆడపడుచు ఎలిజబెత్‌ను ఆయన వివాహమాడెను. అప్పటికి ఆయనకు ముప్పదియెనిమిదేండ్లు. మరుసటి యేట వారికి కుమార్తె కలిగెను. ఆమెకును తల్లి పేరే పెట్టిరి. కొన్నేండ్లకు కుమారుడు కలిగెను. ఆ తల్లి, ఆ చిన్నబిడ్డ సముద్రము దాటి మన తీరమునకు వచ్చిరి. విశాఖపట్టణములో కొంతకాలముండి, పిదప ధవళేశ్వరములో కాపురము పెట్టిరి. నది యొడ్డున రాతిగుట్ట, ఎండ, దుమ్ము, జ్వరములు, చుట్టును రాళ్ళు కొట్టు చప్పుడు. ఆ చోట ఆ యిల్లాలు సంసారము సాగించెను. ఆనకట్ట కథలలో ఆమె పేరు చెప్పువారు లేరు. చెప్పవలెనని మేము చెప్పుచున్నాము.

ఇక గోదావరి. ఆనాటి గోదావరి మండలము నేటి కోనసీమ వలె నుండెనని తలపకుడు. నందన నామ సంవత్సరపు కరువు, అనగా 1832-33 నాటిది, గుంటూరు సీమను తుడిచిపెట్టెను. అయిదు లక్షల జనములో ఒకటిన్నర నుండి రెండు లక్షల మంది నశించిరని ఆనాటి లెక్క. గోదావరి సీమయు ఆ దెబ్బ తప్పించుకొనలేదు. 1839 నవంబరులో తుపాను, ఉప్పెన వచ్చి కోరంగి రేవును ముంచివేసెను. 1821లో 7,38,308 మంది యున్న రాజమండ్రి జిల్లాలో 1841 నాటికి మిగిలినవారు 5,61,041 మంది. ఇరువది యేండ్లలో నూటికి ఇరువదినలుగురు లేకుండ పోయిరి. కొందరు చచ్చిరి, కొందరు వలసపోయిరి. ఇదంతయు ఎక్కడ? దక్షిణాపథములో కెల్ల పెద్దనది పక్కనుండి పారుచున్న చోట! నిండు గోదావరి కండ్లయెదుట సముద్రములో కలియుచుండగా గట్టుమీద జనులు గింజలేక చచ్చిరి.

సర్ హెన్రీ మాంట్‌గొమరీ అను అధికారి జిల్లా దుస్థితిని విచారించి నివేదిక వ్రాసి, కాటన్‌ను ఈ పనికి పిలువవలెనని సూచించెను. కాటన్ డెల్టా నంతటిని గాలించి 1844లో నొకటి, 1845లో నొకటి నివేదికలు పంపెను. తంజావూరును చూపి, అక్కడ నీరుండుటచే జనము, ధనము ఎట్లు నిలిచినదో, ఇక్కడ నీరు కట్టకుండుటచే ఎట్లు నశించినదో పోల్చి చూపెను. 1846లో లండను నుండి అనుమతి వచ్చెను. కోరినంత మంది ఇంజనీర్లు, పనివారు మాత్రము రాలేదు. అడిగినదానిలో కొంచెము ఇచ్చి పని పూర్తి చేయుమనుట ప్రభుత్వములకు పాత అలవాటు. మీలో సర్పంచులైనవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

చోటు ఎన్నిక చూడుడు. ఇరుకు చోట కట్టిన ఖర్చు తగ్గునని మనకు తోచును. ఆయన ధవళేశ్వరము దగ్గర నది మిక్కిలి వెడల్పుగ, గట్టునుండి గట్టునకు సుమారు నాలుగు మైళ్ళున్న చోటు నెన్నుకొనెను. వెడల్పున్న చోట వరద పలుచబడును, కట్టపై దాని బలము తగ్గును. నడుమ లంకలుండుటచే కట్టవలసిన కట్టడము నాలుగు ముక్కలై, మొత్తము రెండుంబాతిక మైళ్ళు చాలును. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములకు ఆ పేర్లు నేటికిని నిలిచియున్నవి. గట్టుననే రాతికొండ యుండుట అన్నిటికంటె గొప్ప వసతి. కొండ రాయిని పట్టాలపై బండ్లతో ఒడ్డునకు, ఒడ్డు నుండి పడవలతో నదిలోనికి చేర్చిరి. పునాది మరల ఒరల బావులే. మధ్య గోడలు, వెనుక వాలుగ రాతి పరుపు, దాని వెనుక విడిరాళ్ళ గుట్ట. ఎత్తు పన్నెండడుగులు.

1847లో పని మొదలయ్యెను. నదిలో పని చేయుటకు వీలగు కాలము సంక్రాంతి నుండి తొలకరి దాక, నాలుగైదు నెలలు. జూను దాటిన ఎర్రనీరు వచ్చును. వేలకొలది కూలీలు పని చేసిరి. మంచి సీజనులో ఆ సంఖ్య పదివేలకు చేరెను. ఇంతమందిని కూర్చి, కూలి, కూడు, గుడిసె సమకూర్చి, తగవులు తీర్చి నడపిన తెలుగువాడు వీణెం వీరన్నగారు. ఆయన లేకున్న ఆ పని అంత త్వరగా కాకపోయెడిదని కాటన్ చెప్పెను. ప్రభుత్వము ఆయనకు రాయ్ బహదూర్ బిరుదమిచ్చెను. విగ్రహములు కాటన్‌కు వందలుగ నున్నవి. వీరన్నగారికి మిక్కిలి తక్కువ. బండలు మోసిన మాలమాదిగలకు, ఉప్పరులకు, వడ్డెరలకు ఒక్కటియు లేదు. ఆ కూలీల పేర్లు ఏ పుస్తకములోను లేవు. వారి మనుమల మనుమలు మాత్రము ఈ సభలో ఉండియుందురు.

1848లో కాటన్ జబ్బుపడి ఆస్ట్రేలియాకు సెలవుపై పోయెను. పని ఆగలేదు. కెప్టెన్ ఆర్ అను అధికారి దానిని సాగించెను. నాయకుడు లేనపుడును నడచిన పనియే సరిగ నేర్పాటు చేసిన పని. 1850లో కాటన్ తిరిగి వచ్చెను. 1852 నాటికి ఆనకట్ట పూర్తియయ్యెను.

ఆనకట్ట ఒక్కటియే నీరు ఇచ్చునది కాదు. దానినుండి చీలిన కాలువలు, లాకులు, తూములు, సైఫనులు చాలా కట్టవలసి యుండెను. వానిలో ఒకదానిని గూర్చి మాత్రము ఆగి చెప్పుదుము. నగరము లంకకు నీరు పోవలెనన్న వైనతేయ గోదావరిని దాటవలెను. నదిపై నదిని నడపుటకు గన్నవరము దగ్గర నలుబది తొమ్మిది కమానుల అక్విడక్టు కట్టబడెను. ఒక్కొక్క కమాను వెడల్పు నలుబది యడుగులు. కట్టినది లెఫ్టినెంట్ హేగ్ అను యువకుడు. క్రింద నది, పైన కాలువ, కాలువలో పడవ! నూరేండ్లకు పైగ అది పని చేసెను. దాని ప్రక్కన కొత్తగ కట్టిన దానికి 2000వ సంవత్సరములో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. లంకల గన్నవరములో వేళకాని వేళ వచ్చిన బాటసారికిని అన్నము పెట్టిన ఆ ఇల్లాలి పేరు, పొలములకు నీరు పెట్టు కట్టడమునకు పెట్టుట కంటె తగినది మాకు తోచదు.

గోదావరి పని చూచి కృష్ణకును అనుమతి వచ్చెను. బెజవాడ ఆనకట్ట 1852లో మొదలై 1855లో ముగిసెను. అక్కడ పనిని నడపినది ఆ కెప్టెన్ ఆర్ గారే. కాలువలు పంటకే గాక ప్రయాణమునకును పనికివచ్చెను. కాకినాడ నుండి చెన్నపట్నము దాక పడవలు నడచెను. ధాత కరువు దక్షిణ దేశమును కాల్చిన 1876-78లో ఈ రెండు డెల్టాలు తాము బ్రతుకుటయే గాక వెలుపలికి ధాన్యము పంపెను. నలుబదియేండ్ల క్రిందట గింజలేక చచ్చిన సీమ యిదియే.

కాని కట్టినది కట్టినట్లే నిలువదు. బెజవాడ ఆనకట్ట 1952లో తెగెను. దానికి బదులు కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తియయ్యెను. ధవళేశ్వరములో పాత ఆనకట్టకు బదులు నూటడెబ్బదియైదు తలుపులతో కొత్త బ్యారేజి కట్టి దానికి కాటన్ పేరు పెట్టిరి. దానిక్రింద పది లక్షల యెకరములకు నీరందుచున్నది. కావేరి వైపున ఆయన కట్టిన ఎగువ ఆనకట్టలో 2018 ఆగస్టున తొమ్మిది తలుపులు వరదకు కొట్టుకొనిపోయినవి. నూటయెనుబది యేండ్లు నిలిచినదే గొప్ప యని కొందరనిరి. మాకు తంజావూరు ప్రజల పాత నింద జ్ఞప్తికి వచ్చినది. మురుగు సంగతియు ఇట్టిదే. నీరు తెచ్చుటపై నున్న శ్రద్ధ నీరు పోవుటపై మొదటి నుండియు లేకపోయెను. మురుగు కాలువలు పూడి, ప్రతి ముంపుకు పంట కుళ్ళుచుండగా, 1960వ దశకములో మిత్రా కమిటీ వచ్చి విచారింపవలసి వచ్చెను.

కొన్నేండ్ల క్రిందట మేము కాలువ శివారు గ్రామము నొకదానికి పోయితిమి. ఊరి పేరు చెప్పము. నాట్లు వేయు దినములు. గట్టుపై కూర్చున్న ముసలి రైతు నొకరిని “నీరు వచ్చుచున్నదా తాతగారూ” అని అడిగితిమి. “కాలవ వచ్చిందండీ. నీళ్ళే రాలేదండీ” అని ఆయన బదులు చెప్పెను. వెంట నడచి చూచితిమి. కాలువలో గుర్రపుడెక్క దట్టముగ పెరిగి పైన కప్పియుండెను. దానిపై కోడి నడచిపోగలదు. మూడు చోట్ల ఎగువ ఊరివారు గట్టునకు గండి కొట్టి గొట్టములు పెట్టుకొనిరి. బోదె సగము పూడి, అందులో ఎవరో పశువుల పాక వేసికొనిరి. ఎగువ పంచాయతీ వారిని అడిగిన, “అది నీటిపారుదల శాఖ పని” అనిరి. శాఖ ఉద్యోగి నడిగిన, లస్కరులు లేరు, నిధులు లేవు అనెను. నీటి సంఘము వారిని అడుగుదమన్న, 1997 చట్టము క్రింద ఏర్పడిన ఆ సంఘము సమావేశమై ఎన్నాళ్ళయినదో ఎవరికిని జ్ఞాపకము లేదు.

ఆ వేసవిలో కాలువలు కట్టివేసిన పిదప రెండు ఊళ్ళ సభ్యులు, పట్టుదలగల యొక మహిళా వార్డు సభ్యురాలి పూనికచే, ఒకచోట కూర్చుండిరి. మొదటి దినము తిట్టుకొనిరి. రెండవ దినము ఎవరు ఎంత దూరము డెక్క తీయవలెనో గట్టుపై కొయ్యలు పాతిరి. పాక తొలగించుట మాత్రము వారి వలన కాలేదు. పాక వానికి బంధువులెక్కువ. దాళ్వాకు నీరు ఊరి చివరి చేలదాక రాలేదు గాని, ముసలాయన చేనుదాక వచ్చెను. మిగిలిన ఇరువది యెకరముల సంగతి ఇంకను తేలలేదని విన్నాము.

ఈ కథ ఇక్కడ చెప్పుటకు కారణమున్నది. కాటన్ దొర కూడ ఒకచోట ఓడెను. 1858లో లండనులో నేర్పడిన మద్రాసు ఇరిగేషను కంపెనీ, ఆయన ఆలోచన ననుసరించి తుంగభద్ర నీటిని సుంకేసుల నుండి కర్నూలు, కడపలకు తెచ్చు కాలువ త్రవ్వెను. అంచనాకు మించి ఖర్చయ్యెను. అంతకంటె పెద్ద దెబ్బ యేమనగా, నీరు వచ్చినను రైతు తీసికొనలేదు. నల్లరేగడిలో జొన్న, పత్తి పండించుకొను రైతునకు తడి పైరుపై నమ్మకము లేదు; నీటి పన్నుపై భయమున్నది. తంజావూరులో జనుల మాట చెవినిడి నెగ్గిన పద్ధతి ఇక్కడ లోపించెను. నీరుండిన చాలు, అందరును వరి వేయుదురని వేసిన లెక్క తప్పెను. 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసి వచ్చెను. నేడు ఆ కె.సి. కాలువక్రింద పండుచున్నది; కాని కంపెనీ వాటాదారులు ఆ పంటను చూడలేదు. కాటన్‌కు అంచనాలయందు ఆశ పాలు ఎక్కువ. ఆయనను మెచ్చువారు ఈ సంగతి దాచుట న్యాయము కాదు.

1860లో ఉద్యోగము చాలించి ఆయన ఇంగ్లండు చేరెను. 1861లో సర్ బిరుదము వచ్చెను. అయినను ఊరకుండలేదు. రైళ్ళకు కోట్లు పోయుచున్నారు, కాలువలకు ఇచ్చుటలేదు, రైలు బియ్యము మోయునుగాని పండించదు అని పోరాడెను. ధాత కరువు తరువాత 1878లో పార్లమెంటు కమిటీ యెదుట నిలిచి, డెబ్బదియైదేండ్ల వయసులో ప్రశ్నలకు జవాబులు చెప్పెను. ఆయనతో ఏకీభవించనివారే ఎక్కువమంది. నదుల నన్నిటిని కాలువలతో కలిపి పడవలు నడపవలెనను ఆయన కోరికలో అతిశయోక్తి లేకపోలేదు. కరువునకు మందు ముందుగ నీరే యనుటలో మాత్రము ఆయన పొరపడలేదని ఆ యేండ్ల లెక్కలే చెప్పును.

చివరి కాలము లండనునకు దక్షిణమున డార్కింగ్ అను ఊరిలో భార్యతో గడపెను. అక్కడ ఆయన చేసిన పని వింతగ నుండును. ఇంటి తోటలో చిన్న మడులు కొట్టించి, నేలను లోతుగ త్రవ్వించి, గోధుమ వేసి, ఒక్కొక్క మడికి ఎంత గింజ దిగునో కొలుచుచుండెను. తొంబది దాటిన వయసులో, సైనికుడై కోటలు పట్టినవాడు, నదులకు కట్టలు వేసినవాడు, కంకులు లెక్క పెట్టుచు కూర్చుండెను. 1899 జూలై 24వ తేదీన, తొంబదియారవ యేట, ఆ యింటనే కన్నుమూసెను. ధవళేశ్వరపు దుమ్ములో ఆడుకొనిన ఆ కుమార్తె మరుసటి సంవత్సరము, 1900లో, తండ్రి జీవితమును గ్రంథముగ ప్రకటించెను. మనకు ఆయన ఇంటి సంగతులు తెలియుచున్నవన్న ఆమె చలువయే. బిడ్డ తండ్రిని గూర్చి వ్రాసిన పుస్తకము గనుక మెప్పు కొంత ఎక్కువ యుండును. ఉండనిండు.

ధవళేశ్వరములో కాటన్ మ్యూజియము కలదు. ఆనాటి పనిముట్లు, పటములు అక్కడ చూడవచ్చును. సభ్యులు వీలుచూచుకొని, వార్డుల వారినికూడ వెంటబెట్టుకొని పోవుట మంచిది. వేసవిలో కాలువలు కట్టివేయు తేదీ తెలిసిన వెంటనే మీ ఊరి బోదెలు, తూములు, మురుగు కాలువలు తిరిగి చూచి, పూడిక ఎన్ని గజములున్నదో వ్రాసియుంచికొనుడు; రెండవ పూట తరగతిలో ఆ పట్టిక తయారుచేయు విధమును ఇంజనీరుగారు చెప్పుదురు. ఇప్పుడు మీ ప్రశ్నలు వినుటకు మేము కూర్చుండుచున్నాము. వెనుక వరుసలోని వారు ముందు అడుగవలెనని మా కోరిక.